వీగన్‌గా బరువు తగ్గుతూ పార్కు కుకౌట్లు: గ్రిల్ మీద ఏం పెట్టాలి, ప్లేటులో ఏం వేసుకోవాలి?

నీలిగోరింట (డల్లాస్)

మే చివర్లో మెమోరియల్ డే మొదలుకొని సెప్టెంబరులో లేబర్ డే దాకా మా వైపు రెండు వారాలకో కుకౌట్ (బయట గ్రిల్ మీద కాల్చుకుని అందరూ కలిసి తినే విందు) ఉంటుంది. పది పన్నెండు తెలుగు కుటుంబాలు కలిసి పార్కులో పెవిలియన్ (పైకప్పు, బల్లలు ఉండే షెడ్డు) తీసుకుంటాం. గ్రిల్ పార్కుదే, కింద బొగ్గులు పోసి పైన ఇనుప చువ్వలు ఉండే రకం. మెనూ ఎప్పుడూ ఒకటే: తందూరీ చికెన్, మటన్ కూర, అల్యూమినియం ట్రేలో బిర్యానీ, మిర్చి బజ్జీలు, చిప్స్, కూల్ డ్రింకులు. "వెజ్ వాళ్లకి" పనీర్ టిక్కా. నేను వీగన్‌ని, మాంసంతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, పనీర్, గుడ్డు, తేనె ఏవీ తినను కాబట్టి నాకు మిగిలేవి చిప్స్, బజ్జీలు, పుచ్చకాయ.

బరువు 74 కిలోలు, 64కి రావాలి. రోజుకు 1500 కేలరీల లెక్కలో ఉన్నాను. ఇంట్లో తిన్నన్నాళ్లూ బాగానే తగ్గుతుంది, కుకౌట్ ఉన్న వారం ఆగిపోతుంది. అడగాలనుకున్నవి మూడు. ప్రోటీన్ ఉండే వీగన్ వంట, ఆ పార్కు గ్రిల్ మీద నిజంగా కుదిరేది ఏది? బజారులో దొరికే వెజ్ బర్గర్లు నమ్మొచ్చా? చికెన్ కాల్చే చువ్వల మీదే నావీ కాల్చాలంటే ఎలా?

లెక్కలపుస్తకం

వంట సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. ముందు ఆ వారం బరువు ఎందుకు ఆగుతోందో చూద్దాం.

మీ శరీరానికి రోజుకు దాదాపు 2000 కేలరీలు కావాలనుకుంటే, 1500 తినడం వల్ల రోజుకు 500 మిగులుతాయి, వారానికి 3500. ఇప్పుడు కుకౌట్‌లో "ఏమీ తినలేదు" అనిపించే మధ్యాహ్నాన్ని లెక్కేయండి. రెండు గుప్పెళ్ల చిప్స్, అంటే 55 గ్రాములకు పైమాటే, 300 కేలరీలు. మిర్చి బజ్జీలు నాలుగు, సైజును బట్టి 400 దాకా. కూల్ డ్రింక్ డబ్బాలు రెండు, 280. బిర్యానీ ట్రేలోంచి ముక్కలు లేని అన్నం ఓ గరిటెడు, 250 (అందులో నెయ్యి, పెరుగు ఉంటాయి కాబట్టి మీకు అసలు పనికిరాదు, అది వేరే సంగతి). మొత్తం 1200 దాటింది, ప్రోటీన్ మాత్రం నామమాత్రం. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆకలి అలాగే ఉంటుంది, మళ్లీ భోజనం. ఆ ఒక్క రోజుతోనే వారం మిగులులో మూడో వంతు పోతుంది. రాత్రి వెనక్కి తిరిగేదాకా మిక్చర్ గిన్నె పక్కనే కూర్చుంటే సగం పోతుంది.

ఇదంతా ఎప్పుడు జరుగుతుందో గమనించండి. పన్నెండుకి రమ్మంటారు. బొగ్గులు అంటుకుని పైన బూడిద పట్టడానికే 25 నిమిషాలు. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆగడం, చికెన్ ముక్కలు విడతలు విడతలుగా కాల్చడం అయ్యేసరికి రెండున్నర. ఆ రెండున్నర గంటలూ బల్ల మీద ఉండేది చిప్స్, బజ్జీలే. మిమ్మల్ని దెబ్బ తీస్తున్నది గ్రిల్ కాదు, గ్రిల్ కోసం ఎదురుచూసే సమయం. అందుకని బయల్దేరే ముందు 250 కేలరీల్లో, 15 గ్రాముల ప్రోటీన్‌కి తగ్గకుండా ఏదో ఒకటి తిని వెళ్లండి: ఉడికించిన శనగలు ముప్పావు కప్పు, నిమ్మరసం, ఉల్లిపాయ, పక్కన తియ్యలేని సోయా పాలు ఒక చిన్న గ్లాసు. "అక్కడ తినాలి కదా" అని పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని వెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

రెండో విషయం నూనె. ఒక టేబుల్ స్పూన్ నూనె 120 కేలరీలు, ఏ నూనె అయినా ఒకటే. ఆలివ్ నూనె అయినంత మాత్రాన తగ్గదు. గ్రిల్ కూరగాయలు తేలిక అని అందరూ అనుకుంటారు గానీ, ట్రేలో కూరగాయలు పోసి పైనుంచి సీసా వంచేస్తే మనిషికి రెండు స్పూన్లు పడటం మామూలే.

బొగ్గులకుంపటి

పార్కు గ్రిల్ మీద కుదిరే ప్రోటీన్ వంటలు రెండే: టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), మీల్ మేకర్. రెండూ ఇంటి దగ్గర సగం పని చేసుకుని తీసుకెళ్లాల్సినవే.

టోఫు. "ఎక్స్‌ట్రా ఫర్మ్" అని రాసి ఉన్నదే కొనండి. 14 ఔన్సుల ప్యాకెట్, అంటే 396 గ్రాములు. ఒక ప్యాకెట్ మొత్తం మీద దాదాపు 400 కేలరీలు, 40 గ్రాములకు పైగా ప్రోటీన్ వస్తుంది. కంపెనీని బట్టి కాస్త మారుతుంది, లేబుల్ చూసుకోండి. సిల్కెన్ టోఫు చువ్వకు గుచ్చగానే విరిగిపోతుంది, దాని జోలికి వెళ్లొద్దు.

రెండు ప్యాకెట్లకు కొలతలు ఇస్తున్నాను, అయిదారుగురికి వస్తుంది. అంగుళంపావు ముక్కలు కోయండి. లీటరు నీళ్లు మరిగించి అందులో రెండు టేబుల్ స్పూన్ల ఉప్పు వేసి, స్టవ్ కట్టేసి, ముక్కలు 15 నిమిషాలు ఉంచండి. ఉప్పునీళ్లు లోపలి తడిని బయటికి లాగుతాయి, ముక్కకు లోపలిదాకా కాస్త ఉప్పు పడుతుంది. తీసి శుభ్రమైన తువ్వాలు మీద పరిచి, పైన ఇంకో తువ్వాలు వేసి, ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం తప్పించేసేవాళ్లే "మసాలా అంతా బొగ్గుల్లో పడిపోయింది" అంటారు. తడి ముక్కకు మసాలా అంటుకోదు, వేడి తగలగానే లోపలి నీరు ఆవిరై మసాలాను పైకి తోసేస్తుంది.

మసాలాకి పెరుగు బదులు తియ్యలేని సోయా పెరుగు అర కప్పు. "ప్లెయిన్" అని ఉన్నవాటిలో కూడా చక్కెర, వెనిలా ఉంటాయి, "అన్‌స్వీటెన్డ్" అని ఉందో లేదో చూడండి. దొరక్కపోతే మానేసి నిమ్మరసం ఒక స్పూన్ పెంచండి. పొడి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించిన శనగపిండి మూడు టేబుల్ స్పూన్లు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటి, నిమ్మరసం రెండు, కారం రెండు టీస్పూన్లు, ధనియాల పొడి, గరం మసాలా ఒక్కో టీస్పూన్, పసుపు పావు, నలిపిన కసూరీ మేతి, నూనె ఒక టేబుల్ స్పూన్. ఉప్పు అర టీస్పూన్ చాలు, ముక్కలకు ముందే పట్టింది కదా. ఈ మొత్తానికి నూనె అంతే. శనగపిండి పచ్చిదే వేస్తే గ్రిల్ మీద పూర్తిగా ఉడకదు, నోటికి పిండి పిండిగా తగులుతుంది. చక్కెర గానీ బెల్లం గానీ వేయొద్దు, లోపల వేడెక్కేలోపే పైన మాడి చేదెక్కుతుంది. రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, ఐస్ డబ్బాలో తీసుకెళ్లండి.

వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టండి. ఒక్కో వరుసకు రెండు పుల్లలు పక్కపక్కనే గుచ్చండి, ఒక్కటే అయితే పుల్ల తిప్పినా ముక్క తిరగదు, ఒకవైపే మాడుతుంది. టోఫు, ఉల్లిపాయ, క్యాప్సికం కలిపి గుచ్చితే ఫొటోకి బాగుంటుంది గానీ ఉల్లిపాయకు 12 నిమిషాలు, టోఫుకు 8 నుంచి 10, టమాటాకు 3 చాలు. దేనికదే విడిగా గుచ్చండి. చువ్వలు బాగా వేడెక్కాక, సగం కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, నూనెలో అద్ది చువ్వల మీద రుద్దండి. తర్వాత టోఫు పెట్టి నాలుగు నిమిషాలు ముట్టుకోవద్దు. అంటుకుంటోందని లాగేస్తారు, అక్కడే చిరుగుతుంది. కింద పొర గట్టిపడితే దానంతట అదే వదులుతుంది.

మీల్ మేకర్. 60 గ్రాముల పొడి ముక్కల్లో 31 గ్రాముల ప్రోటీన్, 205 కేలరీలు. ఆ లెక్కలో దీన్ని మించింది లేదు, ధర కూడా తక్కువ. ఉప్పు వేసిన వేడి నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టి పిండండి, చల్లటి నీళ్లలో మళ్లీ ముంచి మళ్లీ పిండండి. రెండోసారి పిండకపోతే ఆ పచ్చి సోయా వాసన పోదు. పైన చెప్పిన మసాలాయే, గంటసేపు. అయితే గ్రిల్ మీద అయిదారు నిమిషాలు మించితే తోలులా సాగుతుంది. ఫాయిల్ ట్రేలో పెట్టి, రెండు స్పూన్ల నీళ్లు చిలకరించి, మూత వేసి వేడి చేసి, చివర ఒక్క నిమిషం చువ్వల మీద వేస్తే పొగ వాసన వస్తుంది, ముక్క మెత్తగానే ఉంటుంది.

ఇక అసలు చెప్పాల్సింది: కాల్చిన వంకాయ పచ్చడి. బొగ్గుల మీద దీనికి సాటి వచ్చే తెలుగు వంట ఇంకోటి లేదు, అయినా ఏ కుకౌట్‌లోనూ కనపడదు! అమెరికాలో దొరికే పెద్ద నల్ల వంకాయలు రెండు, కిలో దాకా. చాకుతో నాలుగైదు చోట్ల పొడవండి, లేకపోతే లోపలి ఆవిరికి పగులుతాయి. బొగ్గులు ఇంకా మంట మీద ఉండగానే, చికెన్‌కి పనికిరాని ఆ మొదటి అరగంటలోనే పక్కన పెట్టేయండి. అప్పుడప్పుడూ తిప్పుతూ 30 నుంచి 40 నిమిషాలు, తొక్క నల్లబడి కాయ కుంగిపోయేదాకా. పక్కనే రెండు టమాటాలు, ఆరు పచ్చిమిర్చి. తొక్క తీసి, చేత్తోనే మెదిపి, నానబెట్టిన నిమ్మకాయంత చింతపండు పిప్పి తీసిన గుజ్జు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పు. ఇంటి నుంచి రెండు టీస్పూన్ల నూనెతో తాలింపు చిన్న డబ్బాలో తెచ్చుకుంటే కలిపేయడమే. ఎనిమిది మందికి పంచితే మనిషికి 60 కేలరీల లోపే. బిర్యానీ తినేవాళ్లు కూడా పక్కన వేసుకుంటారు, అందుకని కాస్త ఎక్కువే చేయండి.

గోంగూరకట్ట

బర్గర్ల గురించి అడిగారు. "వెజీ" అంటే వీగన్ కాదు, ఇదొక్కటి గుర్తుంచుకోండి. చాలా వెజీ ప్యాటీల్లో ముక్కలు విడిపోకుండా గుడ్డు తెల్లసొన గానీ, చీజ్ గానీ, పాల పొడి గానీ కలుపుతారు. అమెరికాలో పాలు, గుడ్డు ఉంటే లేబుల్ మీద రాయడం తప్పనిసరి కాబట్టి, ముందు "కంటెయిన్స్" అన్న వరుస చూడండి, ఆ వరుస లేకపోతే పదార్థాల జాబితాలో చూడండి. తేనె మాత్రం ఆ వరుసలో రాదు, దానికి పదార్థాల జాబితా చదవాల్సిందే.

బియాండ్, ఇంపాజిబుల్ ప్యాటీలు వీగన్ పదార్థాలతో చేసినవే. ఒక్కోటి 230 కేలరీల చుట్టుపక్కల, 20 గ్రాముల దగ్గర ప్రోటీన్. చెడ్డవేం కాదు, కానీ వాటిలో కొవ్వు బాగానే ఉంటుంది కాబట్టి కింద నూనె రాయక్కర్లేదు, బొగ్గుల మీద కారి మంట లేస్తుంది కూడా. బరువు లెక్కకు అడ్డం వచ్చేది బన్ను. మామూలుది 120 నుంచి 150, బ్రియోష్ అయితే ఇంకా ఎక్కువ, పైగా అందులో వెన్న, గుడ్డు ఉంటాయి. ఐస్‌బర్గ్ గానీ బటర్ లెట్యూస్ గానీ పెద్ద ఆకులు రెండు పెట్టుకుని చుట్టుకోండి.

బల్ల మీద వీగన్‌లా కనిపించి కానివి కొన్ని ఉంటాయి. కోల్‌స్లా, పొటాటో సలాడ్‌లలో మయోనైజ్, అంటే గుడ్డు. డబ్బా బేక్డ్ బీన్స్ చాలావాటిలో పంది మాంసం, వెజిటేరియన్ అని రాసి ఉన్నవి వేరేగా దొరుకుతాయి. బార్బెక్యూ సాస్‌లో తేనె ఉండొచ్చు, వూస్టర్‌షైర్ సాస్ కలిసి ఉంటే అందులో ఆంకోవీ చేప. నాన్‌లో పెరుగు. మార్ష్‌మాలోలు (మెత్తటి తీపి మిఠాయి) జెలటిన్‌తో, అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే పదార్థంతో చేస్తారు, పిల్లలు పుల్లకు గుచ్చి ఇస్తే ఆలోచించకుండా తీసుకుంటాం.

హమ్మస్ (శనగలు, నువ్వుల ముద్ద) వీగనే, మంచిదే, కానీ రెండు టేబుల్ స్పూన్లు 70 కేలరీలు. డబ్బా పక్కన కూర్చుని పిటా చిప్స్‌తో తింటే 500 ఎటు పోయాయో తెలీదు. కీరా, క్యారెట్ ముక్కలు మీరే కోసుకెళ్లండి.

నీలిగోరింట

చాలా ఉపయోగపడింది అండి, ముఖ్యంగా ఎదురుచూసే సమయం సంగతి. చువ్వల ప్రశ్న ఇంకా మిగిలింది. ఇంకోటి కూడా: "కొంచెం పనీర్ తింటే ఏమవుతుందమ్మా", "ఇంత సన్నబడ్డావు, ఇంకా డైటేంటి" అని పెద్దవాళ్లు ప్లేటులో వేసేస్తారు. వాళ్ల మనసు నొప్పించకుండా ఏమనాలి?

బొగ్గులకుంపటి

చువ్వల విషయం: మొదటి వంతు మీదే కావాలని గ్రిల్ దగ్గర నిలబడే అన్నయ్యకు ముందే చెప్పండి. వైర్ బ్రష్‌తో రుద్దించి, ఊడిన తీగలు చువ్వలకు అంటుకుని ఉండకుండా తడి గుడ్డతో తుడిపించండి. ముందు కూరగాయలు, టోఫు, తర్వాత చికెన్. అందరికీ అదే మేలు: చికెన్ కొవ్వు కారి మంటలు లేచాక కూరగాయలు మసి పడతాయి. కుదరకపోతే రంధ్రాలున్న స్టీల్ గ్రిల్ బుట్ట ఒకటి కొనుక్కోండి, చువ్వల మీద అది పెట్టుకుని అందులో కాల్చుకోవచ్చు. దేనికైనా పటకారు మాత్రం మీది వేరే ఉండాలి. పచ్చి చికెన్ తిప్పిన పటకారుతో మీ ముక్కలు తిప్పితే వీగన్ సంగతి అటుంచి, కడుపు పాడవుతుంది.

డల్లాస్ ఎండలకు ఇంకో మాట. వండినవి బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, 90 ఫారెన్‌హీట్ దాటితే గంటే. అన్నానికీ, టోఫుకీ కూడా ఇదే వర్తిస్తుంది. మిగిలింది ఇంటికి తెచ్చుకోవాలంటే ముందే ఐస్ డబ్బాలో పెట్టేయండి.

లెక్కలపుస్తకం

పెద్దవాళ్ల దగ్గర "డైట్" అన్న మాట ఎత్తకండి. ఆ మాట వినగానే చర్చ మీ ఒంటి మీదికి మళ్లుతుంది, పక్కవాళ్లూ చేరతారు. "పాలవి మానేశాను పిన్నీ, ఒంటికి పడటం లేదు" అనకండి కూడా. నిజం కాకపోతే ఇంకోసారి "ఇప్పుడు పడుతోందా?" అని అడుగుతారు. "పాలవి తినను పిన్నీ. ఈ వంకాయ పచ్చడి నేనే చేశాను, మీరు రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి" అనండి. మాట వంట మీదికి పోతుంది, మీ చేతిలో గరిటె ఉంటుంది. వడ్డించే చేతికి మళ్లీ వడ్డించరు.

ప్లేటు ఖాళీగా కనపడకూడదు. టోఫు ముక్కలు ఎనిమిది (200 గ్రాములు, 200 కేలరీల పైచిలుకు), పచ్చడి, కాల్చిన ఉల్లిపాయ, క్యాప్సికం, ఒక మొక్కజొన్న పొత్తు (90 నుంచి 100 కేలరీలు), పుచ్చకాయ. ఇంతా కలిపి 450 దాటదు, చూడ్డానికి మాత్రం ప్లేటు నిండుగా ఉంటుంది. బజ్జీ మీద మనసు పడితే ఒకటి వేసుకోండి. చేత్తో పట్టుకుని నిలబడి తినకుండా ప్లేటులో వేసుకుని కూర్చుని తినండి, లెక్క తెలుస్తుంది.

పిలిచినవాళ్లకు మూడు నాలుగు రోజుల ముందే గ్రూపులో కాకుండా విడిగా చెప్పండి: "టోఫు ట్రే ఒకటి, వంకాయ పచ్చడి నేను తెస్తున్నాను, నాకోసం వేరే ఏమీ పెట్టుకోకండి." ఆ ఇంటామెకు ఒక పని తగ్గుతుంది.

మర్నాడు పొద్దున త్రాసు ఎక్కకండి. ఉప్పు, పిండి పదార్థాలు ఎక్కువైన రోజు తర్వాత నీరు పట్టి కిలో, కిలోన్నర ఎక్కువ చూపించడం సహజం. శరీరం దాచుకునే ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో (పిండి పదార్థాల నిల్వతో) పాటు మూడు గ్రాముల దాకా నీరు చేరుతుంది. అది కొవ్వు కాదు, మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. దాన్ని చూసి మర్నాడంతా పస్తుండేవాళ్లు ఆ రాత్రికి మళ్లీ ఎక్కువ తింటారు.

కృష్ణలంక_విస్తరి (విజయవాడ)

ఇక్కడ మాకు ఈ ఇబ్బంది కార్తీక మాసంలో వనభోజనాలకు వస్తుంది. మాంసం ఉండదు కాబట్టి వీగన్లకు తేలిక అనుకుంటారు, కానీ పప్పులో నెయ్యి, చక్రపొంగలిలో నెయ్యి, దద్దోజనం, చివర మజ్జిగ. మిగిలేది పులిహోర, గారెలు.

పులిహోర నూనెతో చేసేదే, అందుకే వీగన్లు దాని మీదే పడతారు. లెక్క చూడండి. కిలో బియ్యానికి వంటవాళ్లు 200 మిల్లీలీటర్ల నూనె పోయడం మామూలు. బియ్యం 3500 కేలరీలు, నూనె 1650 పైన, వేరుశనగపప్పు, శనగపప్పు మరో 700. వండాక మూడు కిలోలు కాస్త దాటుతుంది. అంటే వంద గ్రాములు 180 కేలరీలు, ఉత్త అన్నమైతే 130. విస్తట్లో రెండు గరిటెలు పడితే 450. రుచికి ఒక్క గరిటె చాలు.

వంటాయనకు ముందు రోజే చెప్పాల్సినవి రెండే: పప్పులో నెయ్యి కలిపే ముందు ఒక గిన్నె పక్కకు తీయమనండి, తాలింపు నూనెతోనే పెట్టమనండి. శనగల గుగ్గిళ్లు మెనూలో వేయించండి. నల్ల శనగలు ఉడికించినవి 150 గ్రాములు తింటే 250 కేలరీలు, 13 గ్రాముల ప్రోటీన్. నైవేద్యానికీ పనికొస్తాయి కాబట్టి ఎవరూ కాదనరు. అందరికంటే ముందు గుగ్గిళ్లు, గుత్తి వంకాయ, ఉసిరికాయ పచ్చడి వేయించుకుని, అన్నం తర్వాత వేయించుకోండి. మజ్జిగ లేకుండా భోజనం ముగించినట్టు ఉండదనేవాళ్లు చివర్న నిమ్మకాయ చారు అన్నం రెండు ముద్దలు తినొచ్చు, ఆ పులుపుతో నోరు తేరుకుంటుంది.

కార్తీక సోమవారం నాడే వనభోజనం పెట్టుకుంటే, ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం ఖాళీ కడుపుతో గారెలతో మొదలుపెట్టకండి. ముందు గుగ్గిళ్లు తినండి, పది నిమిషాలాగండి.

నీలిగోరింట

ఈ శనివారమే వంకాయ పచ్చడి, టోఫు తీసుకెళ్తున్నాను. చివరిగా ఒకటి: మొక్కజొన్న పొత్తుకు మా వాళ్లు వెన్న రాస్తారు. దాని బదులు ఏం రాయాలి? ఎండిపోకుండా ఎలా కాల్చాలి?

బొగ్గులకుంపటి

ఏమీ రాయక్కర్లేదు. పొత్తు పైన ఆకులు తీయకుండా పది నిమిషాలు నీళ్లలో ముంచి, అలాగే చువ్వల మీద 15 నిమిషాలు తిప్పుతూ ఉంచండి. లోపల ఆవిరికే గింజ ఉడుకుతుంది, ఎండదు. తర్వాత ఆకులు వెనక్కి ఒలిచి, గింజ అక్కడక్కడా నల్లబడేదాకా నేరుగా రెండు మూడు నిమిషాలు. ఉప్పు, కారం కలిపిన గిన్నెలో నిమ్మచెక్క అద్ది, వేడి మీదే గట్టిగా రుద్దండి. ఇక్కడి తీపి మొక్కజొన్న మన ఊరి ముదురు కండెలంత గట్టిగా ఉండదు, మూడు నిమిషాలు దాటిస్తే గింజ ముడతలు పడుతుంది.